బటన్, బటన్, బటన్

అద్దె గది, మేడ మీద
ఆదివారం

పిన్నీ,

కుదురుగా కూర్చున్నావా? అయితే విను. నీ పిడుగు గెలిచింది!

ఈ కంపెనీలో చేరినప్పటి నుంచీ ఎవరో చేసిన పనికి అతుకులు వేయడమే తప్ప, ఇది నాది అని చెప్పుకునే పని ఒక్కటీ లేదని నీ దగ్గర ఎన్నిసార్లు ఏడ్చానో నీకే తెలుసు. మొన్నటితో ఆ ఏడుపు తీరింది. మా సాఫ్ట్‌వేర్‌లోని ఐకాన్లన్నీ, అంటే బటన్ల మీద ఉండే చిన్న చిన్న బొమ్మలన్నీ, నా చేతుల మీదుగా మారాయి. మీటింగులో అందరూ చప్పట్లు కొడుతుంటే ఏం చెయ్యాలో తోచక నీళ్ళ సీసా ఎత్తి సగం ఒళ్ళో పోసుకున్నాను. అయినా ఎవరూ నవ్వలేదు. అంత గౌరవం వచ్చేసింది నాకు!

నీకు అర్థమయ్యేలా చెప్తాను. మా సాఫ్ట్‌వేర్‌లో ఎన్ని స్క్రీన్లున్నా బటన్ని మాత్రం ఒక్కచోటే తయారుచేసి పెట్టుకుంటాం. దాన్ని కాంపొనెంట్ అంటారు. ఏ స్క్రీన్‌కి బటన్ కావాలన్నా దాన్నే పిలుస్తుంది, "పెన్సిల్ బొమ్మతో ఒకటివ్వు" అనో, "చెత్తబుట్ట బొమ్మతో ఒకటివ్వు" అనో. ఆ ఒక్కచోట మారిస్తే అన్ని స్క్రీన్లూ మారిపోతాయి. ఇదివరకు బొమ్మ పక్కన మాట కూడా ఉండేది. మా డిజైనరుకి అది కంట్లో నలుసు. రోజంతా గీతలు గీసి చెరుపుతుంటాడని ఆయన్ని మేం గీతల మాస్టారు అంటాం. "పెళ్ళికొడుకు ఎదురుగా కూర్చుంటే ఇంకా ఫొటో ఎందుకమ్మా? బొమ్మ ఉండగా మాటెందుకు?" అంటాడు. సరేనని ఆ మాట చూపించే ఒక్క లైను తీసేశాను. ఒకే ఒక్క లైను పిన్నీ! సాఫ్ట్‌వేర్ మొత్తంలో మాటలు మాయం. స్క్రీన్లు కడిగిన పళ్ళేల్లా మెరిసిపోతున్నాయి.

నీళ్ళ ఆఫీసులకీ కరెంటు ఆఫీసులకీ ఫిర్యాదులు రాసుకోవడానికి అమ్ముతున్నారు దీన్ని. మీ ఆఫీసువాళ్ళు ఆ పాత నల్ల స్క్రీను వదిలించుకుని ఎప్పటికి మేలుకుంటారో!

నీ పిడుగు

*

ఇల్లు, వంటగది బల్ల
బుధవారం

ఒసేయ్ పిడుగూ,

నీ ఉత్తరం వాగుడుకాయ చేత రెండుసార్లు చదివించుకున్నాను. రెండోసారి మీ బాబాయిని కూడా పిలిచి కూర్చోబెట్టాను. నువ్వు ఒళ్ళో నీళ్ళు పోసుకున్న చోట ఆయన నవ్విన నవ్వుకి పక్కింటి కుక్క మొరిగింది. స్క్రీన్ మీద అక్షరాలన్నీ నా చెవిలో చదివిపెట్టే ఈ గొంతుకి వాగుడుకాయ అని పేరు పెట్టింది నువ్వే గుర్తుందా? చూపు లేనిదాన్ని ఉద్యోగం ఎలా చేస్తానా అని ఊరంతా ముక్కున వేలేసుకుంటే, నీ పెద్ద చదువు మొదలుకాకముందే దీన్ని నా కంప్యూటర్లో ఎక్కించి, "ఇది నీ కళ్ళు పిన్నీ, కాకపోతే కాస్త ఎక్కువ మాట్లాడుతుంది" అన్నావు.

చాలా సంతోషంగా ఉందే. ఎవరి పనికో అతుకులు వేసిన పిల్ల ఇవాళ తన పని తాను చేసుకుంది. గర్వపడు. కాస్త ఎక్కువే పడు, తప్పులేదు.

ఒక్కటి అడుగుతాను. ఆ మాటలు తీసేశావు కదా, తీసి ఎక్కడ పెట్టావు? ఊరికే అడుగుతున్నాలే, తెలుసుకుందామని.

ఆఫీసులో ఎప్పటిలాగే. కొళాయిలో నీళ్ళు రావట్లేదనేవాళ్ళు, రోడ్డు మీద పైపు పగిలిందనేవాళ్ళు, రాంగ్ నంబర్లు. నిన్నటి నుంచీ కొత్త రకం ఒకటి మొదలైంది. "మా ఫిర్యాదు మూసేశారట, మా కొళాయి మాత్రం ఇంకా తుమ్ముతోంది, ఏంటమ్మా మీ సంగతి?" అని తిడుతున్నారు. ఎందుకలా జరుగుతోందో ఎవరికీ తెలియదు. తిట్లు మాత్రం మా గదిలో అందరికీ సమానంగా పంచుతున్నారు.

తలనొప్పిగా ఉంది. ఇక్కడితో ఆపుతాను.

పిన్ని

*

ఆఫీసు, టీ తాగే వేళ
సోమవారం

పిన్నీ,

మాటలు ఎక్కడా పెట్టలేదు. తీసేశాను, అంతే. ఎందుకు అడిగావు?

ఇంకోటి. నీకు తలనొప్పి ఎప్పుడొచ్చిందని? అమ్మతో దెబ్బలాడిన రోజు కూడా నువ్వు నాలుగు పేజీలు రాసిన మనిషివి. పెద్దసారు దగ్గు ఎలా ఉందో, పక్క బల్ల ఆవిడ ఎవరి మీద అలిగిందో, ఫోన్లో ఎవరు ఏం కూశారో, ఒక్క ముక్క లేదు నీ ఉత్తరంలో. ఫోన్ చేద్దామంటే పడనివ్వవు. ఆఫీసులో ఫోనే, ఇంటికొచ్చాక కూడా ఫోనేనా, ఏదున్నా రాయవే అంటావు. సరే, రాస్తున్నాను. ఏం దాస్తున్నావు? బాబాయికి బాగానే ఉందా? మర్యాదగా చెప్పు, లేకపోతే బస్సెక్కి వచ్చేస్తాను.

నీ పిడుగు

*

ఇల్లు, వంటగది బల్ల
మంగళవారం

పిడుగూ,

బస్సెక్కకు. బాబాయి గుండ్రాయిలా ఉన్నాడు. విను మరి, నువ్వే అడిగావు.

మా పాత నల్ల స్క్రీను పోయింది. పెద్దసారు కొత్త సాఫ్ట్‌వేర్ తెప్పించారు. మొదటి రోజు గదిలో అందరూ "అబ్బ, ఎంత నీటుగా ఉందో!" అంటుంటే నేనూ ఉబలాటంగా కూర్చున్నాను. ఒక బటన్ నుంచి ఇంకోదానికి జరగడానికి ట్యాబ్ కీ నొక్కాను. వాగుడుకాయ "బటన్" అంది. మళ్ళీ నొక్కాను. "బటన్." మళ్ళీ నొక్కాను. "బటన్." ఏ బటనే తల్లీ? దేనికే? చెప్పదు. స్క్రీన్ చివరిదాకా నొక్కుకుంటూ వెళ్ళాను, అన్నీ బటన్లే, ఒక్కదానికీ పేరు లేదు. ధైర్యం చేసి ఒకటి నొక్కితే ఎవరిదో ఫిర్యాదు ఎగిరిపోయింది. ఇక ముట్టుకోలేదు. స్క్రీన్ అడుగున మాత్రం వాగుడుకాయ ఒక పేరు చక్కగా చదివింది. మీ కంపెనీ పేరు.

ఆ సాయంత్రమే నీ ఉత్తరం వచ్చింది, చప్పట్లు కొట్టారని. నువ్వు గెలిచి వస్తే వాకిట్లోనే నా ఏడుపు వినిపించనా? నోరు మూసుకున్నాను.

పెద్దసారు చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే నాలుగు కడిగి మనసు చల్లబరుచుకుందును. "ఎందుకమ్మా ఈ అవస్థ? మిమ్మల్ని కింద విచారణ బల్ల దగ్గర కూర్చోబెడతాను. వచ్చినవాళ్ళకి ఏ గది ఎటో చెప్తే చాలు, జీతం అదే" అన్నాడు మెల్లగా. ఒళ్ళు మండిపోయింది నాకు. నేను ఫోన్ ఎత్తితే అవతలి మనిషి గొంతులోనే తెలిసిపోతుంది, పగిలింది చిన్న గొట్టమా పెద్ద గొట్టమా అని. ఏ వీధికి ఏ ముఠాని, అదే మా మరమ్మతు మనుషుల్ని, పంపాలో ఎవర్నీ అడగక్కర్లేదు నాకు. అలాంటిదాన్ని ఎడంపక్క మెట్లు, కుడిపక్క బాత్రూము అని చెప్పుకుంటూ కూర్చోవాలా? నెలాఖరులో ఒక పరీక్ష పెట్టండి సార్, కొత్త దాంట్లో ఫిర్యాదు రాసి మనుషుల్ని పంపి చూపిస్తాను, చేతకాకపోతే మీరు చెప్పిన చోట కూర్చుంటాను అన్నాను. సరేనన్నాడు.

అన్నానే గానీ, ఎలా చూపిస్తానో నాకే తెలియదు. రోజూ పొద్దున బల్ల దగ్గర కూర్చుని ట్యాబ్ నొక్కుతున్నాను. బటన్. బటన్. బటన్. భయమేస్తోందే.

పిన్ని

*

ఆఫీసు, నా సీటు
గురువారం

పిన్నీ,

నీ ఉత్తరం చదివి బాత్రూములోకి వెళ్ళి ఏడ్చాను. నిన్ను చూస్తూ పెరిగినదాన్ని. వాగుడుకాయని నీ కంప్యూటర్లో ఎక్కించినదాన్ని. అయినా ఆ లైను తీసేస్తున్నప్పుడు ఒక్క క్షణం కూడా నువ్వు గుర్తు రాలేదు. స్క్రీన్ అందంగా ఉందా లేదా అనే చూశాను. నన్ను నేను తిట్టుకున్న తిట్లు నీకు రాయను, నీ దగ్గర నేర్చుకున్నవే.

తీసింది ఒక్కచోట కాబట్టి పెట్టేదీ ఒక్కచోటే. ప్రతి ఐకానూ తన పేరు చెప్పేలా కాంపొనెంట్‌ని మార్చేశాను. కంటికి కనపడదు కాబట్టి గీతల మాస్టారుకీ గొడవ లేదు. వాగుడుకాయకి మాత్రం వినపడుతుంది. మార్పులు సరిచూసుకోవడానికి మేం పెట్టుకునే కాపీ ఒకటి ఉంది, అసలు ఫిర్యాదులు ఏవీ చెడిపోవు, దాని లింకు కింద పెట్టాను. రేపు తీరిగ్గా నొక్కి చూడు. నిన్ను ఆ కుర్చీలోంచి ఎవడు లేపుతాడో నేనూ చూస్తాను!

నీ పిడుగు

*

ఇల్లు, వంటగది బల్ల
శనివారం

ఒసేయ్ తెలివైనదానా,

చూశాను. బాబోయ్, చూశాను!

మొదటి ట్యాబ్. "భూతద్దం, బటన్." నాకు భూతద్దం ఎందుకే? రెండోది. "పెన్సిల్ సన్నది, బటన్." మూడోది. "చెత్తబుట్ట కొత్తది ఖరారు రెండు, బటన్." ఖరారైన చెత్తబుట్టలు మీ దగ్గర ఎన్ని ఉన్నాయే అసలు? ఆ తరవాత "మూడు చుక్కలు", "కన్ను", "కన్ను మీద గీత". కన్ను మీద గీత పడ్డది నాకు కాదూ, వాగుడుకాయ ఎత్తిపొడుస్తోందా అనుకున్నాను. బాబాయి కుర్చీలోంచి కిందపడి నవ్వాడు. ఆయనకేం, చూడగలడు.

ఇంకో వింత. పైనున్న జాబితాలో బొమ్మ పక్కన ఎలాగూ మాట రాసి ఉంది కదా, అక్కడ కూడా మీ బొమ్మ ఊరుకోవట్లేదు. "ఇల్లు, మొదటి పేజీ. గంట, హెచ్చరికలు. లారీ, ముఠాలు." ఒక్కో దానికి ఇద్దరిద్దరు చొప్పున మాట్లాడుతున్నారు. ఫోన్లో మనిషి ఏడుస్తుంటే నేను ఈ లారీనీ గంటనీ వినుకుంటూ కూర్చోనా?

పిడుగూ, పుట్టినప్పటి నుంచీ నేను భూతద్దాన్ని చూసింది లేదు. బొమ్మ ఏమిటో నాకక్కర్లేదు. నొక్కితే ఏం జరుగుతుందో చెప్పు. "వెతుకు" అను, వెతుకుతాను. "తీసెయ్" అను, జాగ్రత్తపడతాను. పక్కన మాట ఉన్నచోట మీ బొమ్మని నోరు మూసుకోమను.

కోప్పడ్డానని బాధపడకు. ఊరికే బటన్ బటన్ అన్నప్పటికంటే ఇదే నయం. కనీసం నవ్వు వచ్చింది. పరీక్ష వచ్చే శుక్రవారం.

పిన్ని

*

ఆఫీసు, గీతల మాస్టారు గది
బుధవారం

పిన్నీ!

నీ ఉత్తరాన్ని మీటింగులో పైకి చదివాను. చెత్తబుట్ట కొత్తది ఖరారు రెండు దగ్గరికి వచ్చేసరికి అందరూ బల్లలు గుద్ది నవ్వారు. గీతల మాస్టారు నవ్వలేదు. ఆ బొమ్మకి ఆ పేరు పెట్టింది ఆయనే.

నేను చేసిన తప్పు అర్థమైంది. మేం బొమ్మ దాచుకునేటప్పుడు పెట్టుకున్న పేర్లనే నీకు వినిపించాను. ఏ బటన్ ఏం చేస్తుందో కాంపొనెంట్‌కి తెలియదు, దాన్ని పిలిచిన స్క్రీన్‌కే తెలుసు. కాబట్టి ఆ స్క్రీనే చెప్పాలి. చెప్పకపోతే? ఇక్కడ నీ పిడుగు ఒక పని చేసింది. పక్కన మాట ఉంటే బొమ్మ గప్‌చుప్. మాట లేకుండా బొమ్మ ఒక్కటే ఉన్న బటన్‌కి, అది చేసే పని పేరు ఇవ్వకపోతే సాఫ్ట్‌వేర్ అసలు తయారే కాదు. మొరాయించి కూర్చుంటుంది. ఇక ముందు ఎవరూ, నాతో సహా, పేరు లేని బటన్ పెట్టలేరు.

ఆ మార్పు పెట్టిన పొద్దున ఆఫీసంతా ఎర్రబారిపోయింది. అందరి స్క్రీన్ల మీదా తప్పు, తప్పు, తప్పు అని ఎర్ర వరసలు. ఎవరి పనీ ముందుకు కదల్లేదు. మా మేనేజరు నా సీటు దగ్గరికి వచ్చి, "ఇది వెనక్కి తీసుకుంటావా, ఈ పని ఇంకొకరికి ఇమ్మంటావా?" అన్నాడు. ఇది నీకు అప్పుడే రాయలేదు, భయపడతావని. సరేనందామనే నోరు తెరిచాను. కానీ నువ్వు పొద్దున్నే బల్ల దగ్గర ట్యాబ్ నొక్కుతూ కూర్చోవడం కళ్ళ ముందు మెదిలింది. "వెనక్కి తీసుకోను సార్. పేర్లు రాస్తే ఎర్ర వరసలు వాటంతటవే పోతాయి. ఒక్క రోజు ఇవ్వండి, అందరం కూర్చుని రాసేద్దాం" అన్నాను.

కూర్చున్నాం. గీతల మాస్టారు మొహం ముడుచుకునే కూర్చున్నాడు. బొమ్మ చూపించడం, పని పేరు చెప్పడం, రాయడం. పెన్సిల్? మార్చు. చెత్తబుట్ట? తీసెయ్. గుండ్రంలో టిక్కు దగ్గరికి వచ్చాం. గీతల మాస్టారు "ముఠా చేరుకుంది" అన్నాడు. అదే క్షణంలో నా పక్కనున్న అబ్బాయి "ఫిర్యాదు మూసెయ్" అన్నాడు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తెరిచి చూస్తే ఏముంది! ఫిర్యాదులన్నీ వరసగా కనపడే స్క్రీన్‌లో ఆ టిక్కు నొక్కితే ముఠా చేరుకున్నట్టు. ఫిర్యాదు లోపలికి వెళ్ళాక అదే టిక్కు నొక్కితే ఫిర్యాదు మూతపడుతుంది. ఒకే బొమ్మ, రెండు పనులు! మాటలు పక్కనున్నన్నాళ్ళూ ఎవరూ పొరపడలేదు. మాటలు తీసేశాక, కళ్ళున్నవాళ్ళు కూడా ముఠా చేరగానే లోపలి టిక్కు నొక్కేసి ఫిర్యాదులు మూసేస్తున్నారు.

పిన్నీ, నీకొచ్చే ఆ తిట్లు! తుమ్ముతున్న కొళాయిలు! వాటి కారణం ఇదే. నీ మొదటి ఉత్తరంలోని ఆ ముక్క తీసి చదివాను. మేనేజరు వెంటనే తన గదిలోకి వెళ్ళి ఫోన్లందుకున్నాడు. నాలుగు ఊళ్ళ ఆఫీసుల్లోనూ ఇదే గొడవట, మనుషుల తప్పనుకుని వాళ్ళ గుమస్తాలకి చీవాట్లు పెడుతున్నారట.

ఆ తరవాత చూడాలి గీతల మాస్టారుని! కుర్చీలోంచి లేచి, "మూసెయ్యడానికి వేరే బొమ్మ నేను గీస్తాను. కంటికి కూడా మాట కనపడాలి, ముఖ్యమైన బటన్లన్నిటికీ పక్కనే మాట మళ్ళీ పెట్టు" అన్నాడు. ఆయన నోటితో! నేను గిల్లుకుని చూసుకున్నాను. పొద్దున నన్ను తిట్టుకున్నవాళ్ళే సాయంత్రానికి పోటీలు పడి పేర్లు రాశారు. చివరి ఎర్ర వరస పోయి స్క్రీన్ పచ్చబడగానే కేకలు. మేనేజరు అందరి ముందూ, "ఇక మీదట ఐకాన్ల మీద చివరి మాట ఈ అమ్మాయిది" అన్నాడు. ఈసారి నీళ్ళు ఒలకబోసుకోలేదు.

రేపు పొద్దునకి మీ ఆఫీసుకి కొత్తది చేరుతుంది. శుక్రవారం నీదే. వాళ్ళ తాట తియ్యి!

నీ పిడుగు

*

ఇల్లు, వంటగది బల్ల
శుక్రవారం

బంగారూ,

ఇవాళ నిన్ను పిడుగు అని పిలవబుద్ధి కావట్లేదు.

పొద్దున పెద్దసారు నా వెనక కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. పక్క బల్ల ఆవిడ "అక్కా, దడగా ఉందా?" అని చెయ్యి పట్టుకుంది. దడే. పెద్దసారు ఏదో ఉత్తుత్తి ఫిర్యాదు రాసుకుని తెచ్చుకున్నాడు చదవడానికి. ఆయన గొంతు సవరించుకుంటుండగానే నా ఫోన్ మోగింది. నిజం ఫోన్.

ఒక షాపు ముసలాయన. "అమ్మా, రోడ్డు మీద నీళ్ళు ఎగజిమ్ముతున్నాయి, లోపలికొచ్చేస్తున్నాయి, సరుకంతా తడిసిపోతోంది తల్లీ!" అని గోల. వెనక నీళ్ళ హోరు వినపడుతోంది. పెద్ద గొట్టం. ఇక నాకు పరీక్ష గిరీక్ష ఏమీ గుర్తు లేదే. ఒక చెవిలో ఆయన, ఒక చెవిలో వాగుడుకాయ. ట్యాబ్. "కొత్త ఫిర్యాదు, బటన్." కొట్టాను. వీధి రాశాను. ట్యాబ్. "పెద్ద గొట్టం." కొట్టాను. ట్యాబ్. "దగ్గరి ముఠాని పంపు, బటన్." కొట్టాను! "మనవాళ్ళు బయల్దేరారు తాతగారూ, మీరు లోపలున్నవి బల్లలెక్కించండి" అని ఫోన్ పెట్టేశాను. వెనక్కి తిరిగితే పెద్దసారు గొంతు వినపడింది. "ఏమ్మా, మొదలుపెడదామా?" అంటున్నాడు. "అయిపోయింది సార్" అన్నాను.

గది గదంతా ఘొల్లున నవ్వింది. ఆయన లేచి స్క్రీన్ మీదకి వంగి చదువుకున్నాడు. "నిజమే, ముఠా బయల్దేరింది" అన్నాడు తనలో తను.

కాసేపటికి ముఠావాళ్ళు చేరామని ఫోన్ చేశారు. "ముఠా చేరుకుంది, బటన్." కొట్టాను. "మూసేశారా?" అన్నాడు పెద్దసారు అలవాటుగా. "లేదు సార్, చేరుకున్నారంతే. నీళ్ళు ఆగలేదు ఇంకా" అన్నాను. గొట్టం కట్టేశామని వాళ్ళు చెప్పాక, ముసలాయనకి నేనే ఫోన్ చేశాను. "ఆగిపోయింది తల్లీ, నువ్వు చల్లగా ఉండు" అన్నాడు. అప్పుడు "ఫిర్యాదు మూసెయ్, బటన్". కొట్టాను. అబ్బ, ఆ ఒక్క కీ కొట్టినప్పుడు నాకు కలిగిన ఆనందం ఏమని రాయను! పక్క బల్ల ఆవిడ ఈలేసింది. ఆవిడకి ఈల వచ్చని ఇన్నాళ్ళూ మాకెవరికీ తెలియదు.

పెద్దసారు తను తెచ్చుకున్న కాగితం మడిచి జేబులో పెట్టుకున్న చప్పుడు వినపడింది. తరవాత, "విచారణ బల్లకి ఇంకెవరినైనా వెతుక్కోవాలన్నమాట" అన్నాడు. "వెతుక్కోండి సార్" అన్నాను. గొంతు వణక్కుండా అన్నాను, అది మాత్రం రాసుకో. వెళ్తూ వెళ్తూ, కొత్తగా చేరేవాళ్ళకి ఈ సాఫ్ట్‌వేర్ నేర్పించే పని కూడా నా మీదే పెట్టాడు.

మీ బాబాయి సాయంత్రం నన్ను తీసుకెళ్ళడానికి వస్తే మెట్ల మీదే ఏడ్చేశాను. ఆయన కంగారుపడి "ఏమైంది, పోయిందా?" అన్నాడు. "లేదయ్యా, ఉంది!" అని అరిచాను. వీధిలో వాళ్ళంతా ఆగి చూశారట. చూడనీ.

ఇక పడుకుంటాను. రేపు పొద్దున షిఫ్టు నాదే.

పిన్ని